పాతర తవ్వండి, ఎద్దుల్ని అమ్మకండి

రండి పిల్లలూ, ఇట్లా అరుగు మీదికి రండి. బొరుగుల చేట నడుమ పెట్టుకోండి, అందరికీ చెయ్యి అందుతుంది. ఈ పొద్దు మన మాటలు ఒళ్ళు తగ్గడం గురించి. కొవ్వు పోవాల, కండ నిలవాల, మనిషి సన్నగా గట్టిగా కనపడాల: మన సిరిగేరిలో ఇప్పుడు పడుచు పిల్లలందరి కోరికా ఇదే. మంచి కోరిక. దాని వెనకాల ఎంత చక్కటి సైన్సు ఉందో తెలిస్తే మీకు ఇంకా ముచ్చటేస్తుంది.

మొన్న మా మనవడు సిరుగుప్పకు పోయి బరువు మిషను మీద నిలబడి వచ్చినాడు. "తాతా, పది దినాల్లో నాలుగు కేజీలు దిగినా!" అన్నాడు. ఏం చేసినావురా అంటే, రాత్రి కూడు మానేసినాడంట. పగలంతా దోసకాయ ముక్కలు, నిమ్మకాయ నీళ్ళు. వాళ్ళవ్వ వాడి పీక్కుపోయిన మొహం చూసి కంట నీళ్ళు పెట్టుకునింది. నేను ఒకటే అడిగినా: "దిగిన ఆ నాలుగు కేజీలూ ఏంటివిరా?" వాడికి నా ప్రశ్నే అర్థం కాలేదు. కేజీలంటే కేజీలే గదా అన్నాడు.

కాదు అబ్బీ. ఒంట్లోంచి పోయేవి ముఖ్యంగా మూడు. నీళ్ళు పోతాయి, కొవ్వు పోతుంది, కండ పోతుంది. మిషను ఆ మూడింటినీ కలిపి ఒక్క అంకె చూపించి ఊరుకుంటుంది. ఏది ఎంత పోయిందో మనమే లెక్క కట్టుకోవాల.

కడదాం పట్టండి. ఒక కేజీ ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. నాలుగు కేజీలంటే ముప్పై వేల పైమాటే. పది దినాల్లో అంతా కరగాలంటే దినానికి మూడు వేల కేలరీలు కొవ్వులోంచే రావాల. మావాడు దినమంతా తిరిగి ఖర్చు పెట్టేదే రెండున్నర వేలకు మించదు. వాడు పచ్చి గంగ ముట్టకుండా పడి ఉన్నా అంత కొవ్వు కరగదు! మరి పోయిందేంది? చాలా మటుకు నీళ్ళు. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండల్లో 400 గ్రాముల దాకా చక్కెర దాచి ఉంటుంది, గ్లైకోజన్ అంటారు దాన్ని. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకొని ఉంటుంది. అన్నం, రొట్టె ఉన్నట్టుండి తగ్గించేసరికి ఆ చక్కెర ఖర్చయిపోయి, దాన్ని అంటుకొని ఉన్న నీళ్ళు బయటికి పోతాయి. ఒకటిన్నర, రెండు కేజీలు అట్లానే దిగుతాయి. పండక్కి నాలుగు ఓళిగలు తింటే ఆ నీళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. దానికి దిగులు పడే పని లేదు, సంబరపడే పనీ లేదు. నా భయమంతా మిగిలిన దాంట్లో కండ ఎంత ఉందోనని.

ఇప్పుడు ఒక పోలిక చెప్తా, దీన్ని గట్టిగా పట్టుకోండి. వెనకటి కాలంలో మన ఇళ్ళల్లో జొన్నలు పాతరేసేవాళ్ళు. నేలలో లోతుగా గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవాళ్ళు. వాన కురవని ఏడు ఆ పాతర తీసి తినేవాళ్ళు. ఒంట్లో కొవ్వు అచ్చంగా అట్లాంటి పాతర. చర్మం కింద, పొట్టలోపల దాచిపెట్టిన గింజ అది. తినడానికే దాచింది. కండ అట్లా కాదు. కండ మన కాడెద్దులు. పని చేసేవి అవే, బరువు లాగేవి అవే. కరువొచ్చినప్పుడు పాతర తవ్వుకోకుండా ఎద్దుల్ని కోమటికో కసాయికో అమ్ముకుంటే, వానలు పడినాక సేద్యం ఎవరు చేస్తారు?

మరి ఒళ్ళు అంత తెలివితక్కువ పని ఎందుకు చేస్తుంది అని అడుగుతారు. దానికీ కారణం ఉంది. కొవ్వుకు దాపు ఉంది, చక్కెరకు కాస్త దాపు ఉంది. మాంసకృత్తులకు, మీరు ప్రోటీన్ అంటారే వాటికి, విడిగా దాపే లేదు. ఒంట్లో ఉన్న ప్రోటీన్ అంతా ఏదో ఒక పనిలో ఉన్నదే. అందులో పెద్ద వాటా కండదే. పైగా అది ఒకసారి కట్టి వదిలేసింది కాదు. పెద్ద మనిషి ఒంట్లో దినానికి 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ విరిగిపోయి, మళ్ళీ కొత్తగా తయారవుతుంది. 1930ల్లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే ఆయన బరువైన నైట్రోజన్ గుర్తుగా పెట్టిన తిండిని ఎలుకలకు తినిపించి, ఆ గుర్తు ఎక్కడెక్కడ తేలుతుందో చూసి ఈ సంగతి పట్టుకున్నాడు. అప్పటిదాకా కండ అంటే కదలకుండా ఉండే ఆస్తి అనుకునేవాళ్ళు. మీ జబ్బ మీద ఈ క్షణం ఉన్న కండ, వచ్చే ఏడు ఇదే దినాన ఉండే కండ ఒకటి కాదు, తెలుసునా! విరిగింది విరిగినంత మళ్ళీ తయారైతే కండ నిలుస్తుంది. తయారయ్యేది తగ్గితే కండ తరుగుతుంది.

తిండి పూర్తిగా ఆగిపోతే ఏమవుతుందో చూడండి. మెదడు ఒక్కటే దినానికి 120 గ్రాముల దాకా గ్లూకోజు అడుగుతుంది. కాలేయంలో దాచిన చక్కెర ఒక దినం గడిచేసరికి అడుగంటుతుంది. కొవ్వు బోలెడు ఉన్నా, కొవ్వులోంచి గ్లూకోజు తయారయ్యేది చాలా కొంచెం. అప్పుడు కండలోని ప్రోటీన్ విరిగి కాలేయానికి చేరుతుంది, కాలేయం దాన్ని గ్లూకోజుగా మార్చి మెదడుకు పంపిస్తుంది. 1960ల్లో అమెరికాలో జార్జ్ కేహిల్ అనే డాక్టరు వారాల తరబడి ఉపవాసం ఉన్నవాళ్ళను పరీక్షించి ఇంకొక అందమైన సంగతి చెప్పినాడు. కొన్ని దినాలు గడిచినాక కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనం తయారు చేస్తుంది, మెదడు దానికి అలవాటు పడుతుంది, కండ తరుగుదల బాగా తగ్గుతుంది. తగ్గుతుందే గానీ ఆగదు. "మా అవ్వ శనివారం ఒక్కపొద్దు ఉంటే కండ పోతుందా" అని ఈ చిన్నది అడుగుతాంది. పోదు తల్లీ. ఒక పూట ఉపవాసాన్ని ఒళ్ళు సులభంగా సర్దుకుంటుంది. నెలల తరబడి అరకడుపుతో ఉండటమే కండకు చేటు.

ఎద్దుల పోలిక నేను ఊరికే తేలేదు. మన బళ్ళారి సీమ ఈ పాఠాన్ని చాలా ఘోరంగా నేర్చుకునింది. 1876లో వానలు ఎగ్గొట్టినాయి. ధాత నామ సంవత్సరం. 1878 దాకా సాగిన ఆ కష్టాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి లెక్క తేల్చినాడు: దినమంతా కష్టపడిన మగ మనిషికి ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. మన లెక్క ప్రకారం చూస్తే 450 గ్రాముల బియ్యంలో పదిహేను వందల కేలరీల పైచిలుకు, ప్రోటీన్ ముప్పై మూడు నాలుగు గ్రాములు. ఎండలో రాళ్ళు మోసే మనిషికి మూడు వేల కేలరీల పైన కావాల. ఆ మనుషుల పాతరలు అప్పటికే ఖాళీ. ఇక కరగాల్సింది కండే.

మద్రాసు శానిటరీ కమిషనరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ డాక్టరు. ఇది చాలదని ఆయన గట్టిగా ఎదిరించినాడు. గింజలు ఒకటిన్నర పౌన్లు ఇవ్వాల, దాంతోపాటు పప్పు, కూరగాయలు ఉండాల అన్నాడు. 1877 మార్చిలో మద్రాసు సర్కారు సగం దిగివచ్చి 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు చేసింది. ఆ 43 గ్రాముల పప్పు దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. లక్షల మంది చచ్చిపోయిన కరువులో ఒక డాక్టరు, గింజ ఎంత అని మాత్రమే కాకుండా పప్పు ఎక్కడ అని కూడా అడిగినాడు. ఆకలికి బలైన వాళ్ళ కష్టం వేరు, నిండిన ఇంట్లో కోరి ఒళ్ళు తగ్గించుకోవడం వేరు. రెండింటినీ ఒకటి చెయ్యను. కానీ ఒళ్ళు వేసే లెక్క అప్పుడూ ఇప్పుడూ ఒకటే. తిండి మరీ తక్కువ, పప్పు కరువు, చాకిరీ ఎక్కువ అయితే ఎద్దులు పోతాయి.

పోకుండా నిలపాలంటే ఏం చెయ్యాల? ఒళ్ళు ఏ కండను నిలుపుకుంటుంది అంటే, పనిలో ఉన్న కండను. చింతచెట్టు మీంచి పడి కాలు విరిగినోణ్ణి చూసినారు గదా. ఆరు వారాల కట్టు విప్పినాక ఒక పిక్క ఎంత సన్నబడి ఉంటుందో! అదే మనిషి, అదే కూడు, అదే నెత్తురు. పనిలేని కాలు చిక్కింది, నడిచిన కాలు అట్లానే ఉంది. ఒళ్ళు తగ్గేటప్పుడు కూడా ఇదే సూత్రం. బరువు ఎత్తుతా ఉంటే "ఈ కండ కావాల" అని ఒంటికి కబురు పోతుంది. నడక మంచిదే, గుండెకు మంచిది, కొవ్వు ఖర్చవుతుంది. కానీ జబ్బలకు, వీపుకు ఆ కబురు నడకతో పోదు. దానికి దండీలు తియ్యాల, బస్కీలు తియ్యాల, బరువు ఎత్తి దించాల. వారానికి రెండు మూడు దినాలు చాలు. కాళ్ళు, వీపు, రొమ్ము, చేతులు అన్నిటికీ పని పడాల. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించేంత బరువు ఉండాల. సులభమైపోతే కొంచెం పెంచాల. మన ఊళ్ళల్లో ఉగాదికి పడుచువాళ్ళు రాతిగుండ్లు ఎత్తేది ఇందుకే ముచ్చటగా ఉండేది. జిమ్ముకు పోలేనివాళ్ళకు ఇసుక నింపిన సంచి, నీళ్ళ బిందె ఉన్నాయి. నడుము వంచకుండా, మోకాళ్ళు మడిచి ఎత్తడం ముందు నేర్చుకోండి.

బరువు ఎత్తే ఆ మొదటి క్షణంలో కండకు శక్తి ఎక్కడిది? ఇక్కడ మన తెలుగు బిడ్డ ఒకాయన్ను తలుచుకోకుండా ముందుకు పోలేను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తా, 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని బయటపెట్టినాడు. గుండు నేలమీంచి లేపే మొదటి కొన్ని సెకన్లు కండను నడిపించేది అదే. 1929లో వాళ్ళిద్దరూ, కండ నేరుగా వాడుకునే ఇంధనం ఏటీపీని కూడా కండలోంచి విడదీసినారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేసినాడు. ప్రపంచంలో ఏ పిల్లవాడు దండీ తీసినా మన సుబ్బారావు కనుక్కున్న రసాయనమే లోపల పనిచేస్తాంది. నాకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

ఇక కూటి సంగతి. మన నల్లరేగడి ఒకప్పుడు జొన్న సీమ. 1953లో తుంగభద్ర డ్యాం తయారై కాలువలు పారినాక వరి వచ్చింది, ఇంటింటా మూడు పూటలా అన్నం వచ్చింది. ఆకలి పోయింది, అది చిన్న సంగతి కాదు. కానీ కోతలు ఇప్పుడు మిషన్లు చేస్తాండాయి, తట్ట నెత్తిన పెట్టేది తగ్గింది, అన్నం కుప్ప మాత్రం తాతల నాటంతే ఉంది. తగ్గించాల్సింది ఆ కుప్పను, దానిమీద పోసే నూనెను, సాయంత్రం పూట బజ్జీల్ని, టీలో చక్కెరను. పప్పును కాదు. దినానికి 500 కేలరీలు తగ్గిస్తే వారానికి సుమారు అర కేజీ. అంతకంటే తొందర వద్దు.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. వాళ్ళ 2020 లెక్క ప్రకారం మామూలు పెద్ద మనిషికి కేజీ బరువుకు దినానికి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అరవై కేజీల మనిషికి 50 గ్రాములు. ఒళ్ళు తగ్గించుకుంటా బరువులు ఎత్తేవాళ్ళకు మాత్రం ఇంకా ఎక్కువ కావాల, కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా మంచిదని చాలా పరిశోధనలు చెప్తాయి. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ఒక సంగతి అచ్చేసినారు. నలభై మంది పడుచువాళ్ళకు నాలుగు వారాలు తిండి బాగా కోసి, గట్టిగా వ్యాయామం చేయించినారు. సగం మందికి కేజీకి 1.2 గ్రాములు, సగం మందికి 2.4 గ్రాముల ప్రోటీన్. మొదటివాళ్ళకు కొవ్వు మూడున్నర కేజీలు పోయింది, కండ ఉన్నంతే ఉంది. రెండోవాళ్ళకు కొవ్వు 4.8 కేజీలు పోయి, కండ మొదలైన భాగం 1.2 కేజీలు పెరిగింది. అంత కఠినంగా మనం చెయ్యొద్దు, దగ్గరుండి చూసే డాక్టర్లు మనకు ఉండరు. కానీ చూడండి, అరకొర తిండిలో కూడా రెండు గుంపులూ ఎద్దుల్ని కాపాడుకున్నాయి.

మన వంటింట్లో ఇది కుదురుతుందా? ఎందుకు కుదరదు. పెసలు, ఉలవలు, కందిపప్పు, అలసందలు వంద గ్రాములకు ఇరవై రెండు, ఇరవై నాలుగు గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. జొన్నపిండి వంద గ్రాములకు పది. గుడ్డుకు ఆరు. అర లీటరు పాలో పెరుగో పదహారు. వంద గ్రాముల పప్పుదినుసులు, మూడు గుడ్లు, అర లీటరు పెరుగు, రెండు మూడు జొన్నరొట్టెలు కలిపితే డెబ్బై దాటుతుంది. గుడ్డు తినని ఇంట్లో సోయా, ఇంకొంచెం పప్పు. రొట్టెలో ఒక రకం అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో ఇంకొక రకం తక్కువ, రెండూ కలిస్తే లోటు తీరుతుంది. మీ అవ్వ ఉలవకట్టుతో రొట్టె పెడితే అందులో ఇంత శాస్త్రం ఉంది. బుడ్డలు మంచివే, ప్రోటీన్ బాగానే ఉంది, కానీ సగం నూనె. పిడికెడుతో ఆపండి. డబ్బా పొడులు చాలా మటుకు పాల నుంచి తీసిన ప్రోటీనే, కూడు సరిగ్గా ఉంటే వాటి అవసరం లేదు.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందో చెప్పండి చూద్దాం! చెమటలోనా? వేడిగానా? 2014లో ఆస్ట్రేలియా వాళ్ళు ఇద్దరు లెక్క కట్టి అచ్చేసినారు. పది కేజీల కొవ్వు కరిగితే అందులో 8.4 కేజీలు బొగ్గుపులుసు వాయువుగా మన ఊపిరిలోంచే పోతాయి. మిగిలిన 1.6 కేజీలు నీళ్ళు. పొట్ట మీది కొవ్వు ముక్కులోంచి గాలిగా పోయి, మన వరిచేనే దాన్ని పీల్చుకుంటుంది. ఇంతకన్నా ముచ్చటైన సంగతి ఉంటుందా?

మిషను అంకెనే నమ్మొద్దన్నా గదా, దానికి ఇంకొక సాక్ష్యం ఉంది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండను డాక్టరు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన ఫోటో వేయించుకున్నారు. ఎత్తుకు బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండను ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. మన దేశస్థులు చాలామంది చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు దాచుకుంటారు. అందుకే నడుము చుట్టు కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. మొలతాడు వదులవుతా, ఎత్తే బరువు తగ్గకుండా ఉంటే, మిషను అంకె కదలకపోయినా మీ దారి సరైందే.

రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్లు చూసేవాళ్ళు ఇది వినండి. 2010లో షికాగోలో పది మందికి ఒకే రకం తక్కువ తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడక మీద ఉంచినారు. బరువు రెండుసార్లూ దాదాపు సమానంగా తగ్గింది. నిద్ర తక్కువైనప్పుడు మాత్రం పోయిన కొవ్వు సగానికి పడిపోయింది, కండ వైపు తరుగుదల అరవై శాతం పెరిగింది.

చక్కెర జబ్బుకు మందు మింగేవాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టరును అడిగే తిండి మార్చండి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఈ తగ్గే పని పెట్టుకోవద్దు.

ఆఖరుగా ఇంట్లో పెద్దలకు ఒక మాట. కొడుకు జిమ్ముకు పోతాడని వాడికి మూడు గుడ్లు పెట్టి, కూతురికి చారన్నం పెట్టొద్దు. ఆడపిల్ల సన్నబడాలని పూట మానితే ఎవరూ పట్టించుకోరు, పోయేది ఆమె కండే. చివర్న తినే ఆడవాళ్ళకు పప్పు గిన్నె అడుగు మాత్రమే మిగలొద్దు. గుడ్డు, పప్పు, పెరుగు వాళ్ళకూ సమానంగా పెట్టండి, బరువులెత్తే చోటికి వాళ్ళనూ పంపండి. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 69 కేజీల తరగతిలో రెండు ఎత్తులూ కలిపి 240 కేజీలు లేపి కంచు పతకం తెచ్చింది.